కర్త లేని వాక్యం

జిరాక్సు దుకాణం షట్టరు సగం దించినంక
వేడి చల్లారని మిషను మీద
గ్రామరు బుక్కు పరుస్త.
పాలమూరు బస్టాండుల
ఆఖరి కోస్గి బస్సు
కండక్టరు కేకతోని కలిసి పోయినంక
నాకు దొరికేది గంటంబావు.
పరీక్ష ఇంక పందొమ్మిది దినాలు.

దినాం పదిహేను మాటలు.
ఖరాబైన కాయితాల వెనక రాసుకుంట.
ముందర ఎవరిదో ఆధారు, ఎవరిదో పట్టా పాసుబుక్కు,
వాటి ఈపుల మీద నా స్పెల్లింగులు.
డెట్ అంటే అప్పు.
అండ్ల బి ఉంటదట, పలకదట.
ఇదొక్కటి ఒక్కసారికే వచ్చింది నాకు.
మా ఇంట్ల గూడ అంతే,
నడింట్ల కూసొనే ఉంటది,
ఎవ్వరు నోరు తెరువరు.

ఆర్టికల్స్‌తోనే తిప్పలు.
కొత్తగ చెప్తే 'ఎ' అట,
చెప్పిందే మళ్ల చెప్తే 'ది' అట.
ఒక మేక వచ్చింది. ఆ మేక నా చీటీ తిన్నది.
ఎరికైన మేకకు ఒక మర్యాద,
ఎరికలేని మేకకు ఇంకొకటి అని నవ్వుకున్న.
మంగళారం మాక్ టెస్టుల
ఇరవైకి ఏడొచ్చినంక నవ్వు రాలే.

కోచింగు సారు జహీరుద్దీను.
న్యూటౌను గల్లీల మిద్దె మీద రేకుల రూము.
ఫీజు రెండు కిస్తులకు ఒప్పుకుంటడు.
నిన్న ప్యాసివ్ వాయిస్ చెప్పిండు.
"చేసినోడు ఎవరో తెల్వకుంటె,
తెలిసినా అక్కెర లేకుంటె,
బై పెట్టి వాని పేరు రాయొద్దు.
తీసేస్తేనే వాక్యం సాఫ్‌గ ఉంటది."

మార్చుండ్రని బోర్డు మీద మూడు రాసిండు.
వాళ్లు కాలువ తవ్విండ్రు.
వాళ్లు డ్యాము కట్టిండ్రు.
వాళ్లు రోడ్డు ఏసిండ్రు.
అందరి పెన్నులు ఉరికినయి.
నాది 'వాళ్లు' కాడ ఆగింది.

మా నాయినమ్మ ఉసేనమ్మ
మేస్త్రి గుంపుల పద్దెనిమిదేండ్లు తిరిగింది.
ఏ డ్యాము అంటె పేరు చెప్పరాదు,
మట్టి రంగు చెప్తది.
"ఎర్రమట్టి కాడ మీ నాయిన పుట్టిండు.
నల్లమట్టి కాడ నడక నేర్సిండు.
సుద్దమట్టి కాడ మీ చిన్నమేనత్తను పూడ్సినం."
ఇంక అడిగితె
వక్క కొరుక్కుంట అటు మల్లుతది.

ది కెనాల్ వాజ్ డగ్.
కాలువ తవ్వబడింది.
గీ మాట మా దిక్కు ఎవరన్న అంటరా?
తవ్వినం అంటరు.
మట్టి ఎత్తినం, తట్ట మోసినం,
జరమొచ్చిన నాడు గూడ పోయినం.
ఎంత ఎతికినా ఉసేనమ్మ నోట్లె
ఒక్క 'బడింది' దొరకదు.

అయినా జవాబు సారు చెప్పినట్టే రాసిన.
నాకు నౌకరి కావాలె.
మూడిటికి మూడు రైట్లు పడ్డయి.

ఇయ్యాల రాత్రి ప్యాసేజీ పదిహేను లైన్లు,
ఒక పెద్ద ఆనకట్ట ముచ్చట.
ఎత్తెంత, పొడుగెంత, ఎన్ని ఎకరాలు పారుతది,
ఏ మంత్రి పునాదిరాయి ఏసిండు.
కింద ఐదు ప్రశ్నలు.
నాలుగు సులువుగనే పోయినయి.
ఐదోది: కట్టుబడిల ఎవరెవరు పాలుపంచుకున్నరు?
ప్యాసేజీల ఉన్నదే రాయాలెనని రూలు.
మంత్రి, ఇంజనీర్లు, ఒక సిమెంటు కంపెనీ అని రాసిన.

అటెనక రఫ్ వర్కుకని పెట్టుకున్న కాయితం గుంజి
ది డ్యామ్ వాజ్ బిల్ట్ అని రాసి
బై పెట్టిన.
పెట్టి ఆగిన.
ఉసేనమ్మకు స్పెల్లింగు ఏంది?
రేషను కార్డుల యు తోని ఉన్నది,
ఆధారుల హెచ్ తోని.
జాబుకార్డుల ఎస్ రెండున్నయి.
హెచ్ పెడితె పలకాల్నా, ఊకుండాల్నా?
సారును అడుగుదామంటె
గీ రాత్రి ఫోనేంది అంటడు.

రఫ్ కాయితమే గద,
మూడు తీర్లా రాసిన.